ఈ టిక్కు ఎవరిది?

పోయిన ఎపిసోడ్‌లో పాత రోజుల రైల్వే రిజర్వేషన్ల గురించి మాట్లాడుతూ, "ఒకే రిజిస్టర్ మీద నలుగురు ఒకేసారి ఎలా పనిచేస్తారన్నదే అసలు కథ" అని ఒక మాట అనేసి ముందుకెళ్ళిపోయాను. ఆ మాట పట్టుకుని చాలామంది ఉత్తరాలు రాశారు. కొందరు డేటాబేస్ పనిలోనే ఉన్నవాళ్ళు, కొందరు ఆ పదమే కొత్తగా విన్నవాళ్ళు. ఇద్దరికీ అర్థమయ్యేలా రాయడానికి ప్రయత్నిస్తాను. ఎపిసోడ్‌లో చెప్పకుండా దాటేసిన సంగతి ఇంకొకటి ఉంది. అది నా తప్పు గురించి. ముందు అదే చెప్పేస్తే నాకూ తేలిక.

1999. అప్పుడు ఒహాయోలో ఉన్నాను. వైటూకే పుణ్యమా అని విమానమెక్కిన వేలమంది తెలుగువాళ్ళలో నేనూ ఒకణ్ణి. ఒక చిన్న ఇన్సూరెన్స్ ఆఫీసులో కాంట్రాక్టు. పాత కోబాల్ ప్రోగ్రాముల్లో రెండంకెల సంవత్సరాలని వెతికి నాలుగంకెలు చెయ్యడం నా పని. అది నడుస్తుండగానే మేనేజరు వచ్చి, పాలసీదారులకి ఉత్తరాలు పంపడానికి చిన్న ప్రోగ్రాం రాసిపెడతావా అన్నాడు. రాసిపెడతానన్నాను. కుర్రతనం, పైగా కాంట్రాక్టు ఇంకో ఆరునెలలు పొడిగిస్తారన్న ఆశ.

మైక్రోసాఫ్ట్ యాక్సెస్‌లో నాలుగు రోజుల్లో తయారుచేశాను. పాలసీల టేబుల్ ఎలాగూ ఉంది. దాని చివర ఒక కాలమ్ చేర్చాను, పేరు ‘సెలెక్టెడ్’. అందులో అవును లేదా కాదు, అంతే. తెరమీద పాలసీల జాబితా, ప్రతి వరస ముందూ ఒక చిన్న గడి. గడిలో టిక్కు పెడితే ‘అవును’. ప్రింట్ బటన్ నొక్కితే ‘అవును’ అని ఉన్నవాళ్ళందరికీ ఉత్తరాలు వచ్చేస్తాయి, ఆ తరవాత గళ్ళన్నీ ఖాళీ అయిపోతాయి. నా బల్ల దగ్గర నేనొక్కణ్ణే కూర్చుని యాభైసార్లు పరీక్షించాను. ముత్యంలా నడిచింది.

కానీ ఆ ఆఫీసులో ఉత్తరాలు పంపేవాళ్ళు నలుగురు.

మూడోవారంలో ఒకావిడ, వచ్చే నెల ప్రీమియం గడువు ఉన్నవాళ్ళకి మర్యాదగా గుర్తుచేసే ఉత్తరం పంపుదామని నలభైమందికి టిక్కులు పెట్టుకుని భోజనానికి వెళ్ళింది. అదే సమయానికి ఇంకొకావిడ, రెండు నెలలుగా డబ్బు కట్టని పదకొండుమందికి టిక్కులు పెట్టి, ‘మీ పాలసీ రద్దయింది’ అన్న ఉత్తరం ఎంచుకుని ప్రింట్ నొక్కింది. ప్రోగ్రాం నేను చెప్పినట్టే చేసింది. ‘అవును’ అని ఉన్నవాళ్ళు ఎంతమంది? యాభైఒక్కమంది. ప్రింటర్ ఉన్నది పక్కగదిలో. ఉత్తరాలు మడతపెట్టి కవర్లలో పెట్టేది వేరే మనిషి. ఎవరూ లెక్కపెట్టలేదు.

సోమవారం నుంచి ఫోన్లు మొదలయ్యాయి. ఒక పెద్దాయన ఫోన్ చెయ్యకుండా నేరుగా వచ్చేశాడు. చలికోటు విప్పకుండానే రిసెప్షన్లో నిలబడి, చేతిలో ఆ ఉత్తరం పట్టుకుని, నేనేం తప్పు చేశాను అని అడుగుతున్నాడు. ఇరవై ఏళ్ళపైగా ఒక్క నెల కూడా తప్పకుండా కట్టాడట. అద్దం తలుపు ఇవతల నుంచి చూస్తున్నాను నేను. వీసా ఆ కంపెనీ కాంట్రాక్టు మీద ఉంది, ఇంట్లో మా ఆవిడకి నాలుగో నెల. ఇవన్నీ ఒక్కసారిగా గుర్తొచ్చాయి. నిజం చెప్పాలంటే ఆ నిమిషంలో ఆయనకంటే నా గురించే ఎక్కువ ఆలోచించాను.

ఉద్యోగం పోలేదు. నలభైమందికీ క్షమాపణ ఉత్తరాలు వెళ్ళాయి, ఈసారి చేత్తో లెక్కపెట్టి. నా ప్రోగ్రాం పక్కన పెట్టేశారు. ఆ సాయంత్రం, మెయిన్‌ఫ్రేమ్ విభాగంలో రిటైర్మెంటుకి దగ్గరపడిన ఒక పెద్దావిడ నా దగ్గరికొచ్చి టేబుల్ చూపించమంది. చూపించాను. చివరి కాలమ్ మీద వేలు పెట్టి, "ఈ టిక్కు ఎవరిది?" అంది.

"పాలసీది" అన్నాను.

"పాలసీ తనని తాను ఎంచుకుందా?"

జవాబు లేదు నా దగ్గర. ఈ ప్రశ్నతో డేటాబేస్ ప్రపంచం చాలా ఏళ్ళు కుస్తీ పట్టిందని ఆ తరవాతెప్పుడో చదువుకుంటే తెలిసింది. ఆ కథ చెప్పాలంటే మళ్ళీ రిజర్వేషన్ కౌంటర్‌ దగ్గరికే రావాలి.

నా చిన్నప్పుడు బెజవాడ స్టేషన్లో రిజర్వేషన్ అంటే ఒక పూట పని. మా నాన్నగారితో వెళ్ళేవాణ్ణి. కౌంటర్ వెనక పెద్దపెద్ద రిజిస్టర్లు, రైలుకొకటి, తారీఖుకొక పేజీ. మన ఫారం చూసి గుమస్తాగారు పేజీ తిప్పి, పేరు రాసి, అట్ట టికెట్‌తో పాటు ఒక చీటీ ఇచ్చేవాడు. ఒక్కోసారి "రిజిస్టర్ పక్క కౌంటర్లో ఉందండీ, ఆగండి" అనేవాడు. ఆగేవాళ్ళం. ఇప్పుడు డేటాబేస్ పుస్తకాల్లో దీన్ని ‘లాక్’ అంటారు. ఒకరి చేతిలో ఉన్న రిజిస్టర్‌లో ఇంకొకరు రాయలేరు. అంతకంటే గట్టి తాళం ఉండదు. అయితే ఒకే ఒక్క బెర్త్ కోసం మొత్తం రిజిస్టర్‌కి తాళం పడుతోంది, దానివల్లే క్యూలు.

దీనికి రైల్వేవాళ్ళు కనిపెట్టిన ఉపాయం కోటా. మద్రాసులో బయల్దేరే రైల్లో విజయవాడకి ఇన్ని బెర్తులు అని ముందే విడదీసి ఇచ్చేస్తే, మన గుమస్తా మద్రాసుని అడగకుండా తన వాటాలోంచి తాను ఇచ్చుకోవచ్చు. వాటా అయిపోతే టెలిగ్రాం కొట్టి జవాబు కోసం ఎదురుచూడ్డమే. స్వతంత్రంగా పనిచెయ్యడానికి ఇది తేలికైన దారి, కానీ ఖర్చున్న దారి. ఒక ఊళ్ళో బెర్తులు మిగిలిపోతుంటే ఇంకో ఊళ్ళో జనం నిలబడి ప్రయాణం చేస్తుంటారు.

అమెరికాలో విమానాల వాళ్ళదీ అదే గోల. అమెరికన్ ఎయిర్‌లైన్స్‌కి అర్కాన్సాలోని లిటిల్ రాక్‌లో ఒక బుకింగ్ ఆఫీసు ఉండేది. ఎనిమిదిమంది ఆపరేటర్లు, వాళ్ళ మధ్యలో గుండ్రంగా తిరిగే ఒక అర, అందులో విమానానికొక కార్డు. సీటు అమ్మితే కార్డు అంచున ఒక గీత. గీతలు నిండిపోతే విమానం నిండినట్టు. ఒక బుకింగ్ మొదలుపెట్టి టికెట్ రాసేసరికి సగటున గంటన్నర పట్టేదట. ఎనిమిదిమంది కంటే ఎక్కువమందిని పెడదామన్నా ఆ అర చుట్టూ కూర్చోడానికి చోటుండదు.

1953లో ఆ కంపెనీ ప్రెసిడెంటు సి.ఆర్. స్మిత్, ఐబీఎం సేల్స్ మనిషి బ్లెయిర్ స్మిత్ లాస్ ఏంజెలెస్ నుంచి న్యూయార్క్ వెళ్ళే విమానంలో పక్కపక్కన కూర్చున్నారు. ఇంటిపేర్లు కలిశాయని మాట కలిసింది. మనవాళ్ళు రైల్లో ‘మీది ఏ ఊరండీ’ అని మొదలుపెట్టినట్టే అనుకోండి. ఆ మాటల్లోంచి పుట్టిందే సేబర్. న్యూయార్క్ దగ్గర బ్రయర్‌క్లిఫ్ మేనర్‌లో రెండు ఐబీఎం 7090 కంప్యూటర్లు పెట్టి, 1964కల్లా బుకింగులన్నీ దానిమీదకి మార్చేశారు. రోజుకి 84,000 ఫోన్ కాల్స్‌కి సరిపడే సత్తా దానిది.

సేబర్ గొప్పతనం అంటే అందరూ వేగం గురించే చెప్తారు. నాకు నచ్చింది ఇంకోటి. సేబర్, దాని తరవాత ఐబీఎం తయారుచేసిన పార్స్, ఈ వంశం యంత్రాల్లో ప్రతి ఏజెంటుకీ మెమరీలో ఒక సొంత చోటు ఉంటుంది. ఏజెంట్ అసెంబ్లీ ఏరియా అని దాని పేరు. ఫోన్లో ప్రయాణికుడు చెప్తుంటే ఏజెంటు పేరు, విమానం, ఫోన్ నంబరు అన్నీ ఒక్కొక్కటిగా ఆ చోట్లో పోగుచేసుకుంటుంది. పక్క ఏజెంటుకి అది కనబడదు. అంతా అయ్యాక ‘ఎండ్ ట్రాన్సాక్షన్’ కొడితేనే ఆ పోగు అందరూ చూసే రికార్డుగా మారుతుంది. చూశారా? నా ఒహాయో ప్రోగ్రాంలో లేనిదే అది. అక్కడ ఒకావిడ ఇంకా పోగుచేసుకుంటుండగానే, ఆ పోగు ఊరందరిదీ అయిపోయింది.

సరే, రిజర్వేషన్ అంటే ఒకే పని చేసే యంత్రం. ఏ ఆఫీసుకైనా, ఏ పనికైనా సరిపోయే డేటాబేస్ తయారుచెయ్యడానికి అదే కాలంలో వేరేవాళ్ళు తంటాలు పడుతున్నారు. వాళ్ళలో మొదటివాడు చార్లెస్ బాక్‌మన్. 1960ల మొదట్లో జనరల్ ఎలక్ట్రిక్‌లో ఐడీఎస్ అనేది రాశాడు. అందులో రికార్డులు గొలుసుల్లా ఉంటాయి. ఒక కస్టమరు నుంచి అతని ఆర్డర్లు, ఒక ఆర్డరు నుంచి అందులోని సరుకులు, ఇలా ప్రోగ్రాం ఒక రికార్డు మీదనుంచి ఇంకోదానిమీదకి అడుగులేస్తూ పోతుంది. 1973లో ట్యూరింగ్ అవార్డు ఇచ్చినప్పుడు ఆయన తన ఉపన్యాసానికి పెట్టుకున్న పేరే ‘ప్రోగ్రామర్ అనే నావికుడు’ అన్న అర్థం వచ్చే పేరు.

నావికుడన్నాక ‘ఇప్పుడు నేనెక్కడున్నాను’ అన్నది తెలియాలి కదా. బాక్‌మన్ ఆలోచనల మీద కట్టిన కోడాసిల్ కమిటీ 1971 నివేదికలో దీనికి ఒక ఏర్పాటు ఉంది. కరెన్సీ ఇండికేటర్లు అన్నారు. డబ్బు కాదు, ‘ప్రస్తుతం’ అన్న అర్థంలో. ‘ఈ పరుగులో ప్రస్తుతం చూస్తున్న రికార్డు ఇది, ఈ గొలుసులో ప్రస్తుతం ఉన్నచోటు ఇది’ అని సిస్టమ్ గుర్తుపెట్టుకుంటుంది. ఆ గుర్తు రికార్డు మీద ఉండదు. రన్ యూనిట్ దగ్గర, అంటే నడుస్తున్న ఒక్కొక్క ప్రోగ్రాం పరుగు దగ్గర విడివిడిగా ఉంటుంది. పదిమంది ఒకే రికార్డు మీద నిలబడినా, పది వేళ్ళు, పది గుర్తులు.

ఒహాయో పెద్దావిడ పాతికేళ్ళు పనిచేసింది ఐడీఎంఎస్ మీద. అది ఈ కోడాసిల్ కుటుంబంలోదే. అందుకే ఆవిడకి నా కాలమ్ చూడగానే తప్పు కనిపించింది. కొత్త టెక్నాలజీ తెలిసినవాణ్ణని నాకున్న గర్వం మీద అది చిన్న చురక. నేను కొత్తగా చేశాననుకున్న తప్పుని వాళ్ళు నేను పుట్టినప్పుడే దాటేశారు.

ఇక ఎడ్గర్ కాడ్. ఇంగ్లండ్‌లో పుట్టి, రెండో ప్రపంచయుద్ధంలో విమానాలు నడిపి, తరవాత ఐబీఎం శాన్ హొసే లాబొరేటరీలో చేరిన గణితజ్ఞుడు. 1970 జూన్‌లో ఆయన అచ్చువేసిన వ్యాసం పేరులో, పెద్ద ‘షేర్డ్’ డేటా బ్యాంకుల కోసం అని ఉంటుంది. రిలేషనల్ అన్న మాట గురించి అందరూ చెప్పుకుంటారు గానీ, నాకు మాత్రం ఆ ‘షేర్డ్’ దగ్గరే కన్ను ఆగుతుంది. షేర్డ్ అంటే ఉమ్మడి. ఉమ్మడి కుటుంబంలో పెరిగినవాళ్ళకి ఇది వివరించక్కర్లేదు. బీరువా అందరిదీ. అందులో ఏ అర ఎవరిదో, తాళాలగుత్తి ఎవరి నడుముకుందో, అక్కడే పేచీలన్నీ.

కాడ్ చెప్పిందేమిటంటే, డేటాని గొలుసులు తీసేసి మామూలు పట్టికలుగా పెట్టండి, ఎవరికి ఏం కావాలో వాళ్ళు అడుగుతారు, లోపల అది ఎక్కడ ఎలా ఉందో వాళ్ళకి తెలియాల్సిన పనిలేదు అని. అడిగినప్పుడు వచ్చే జవాబు కూడా ఒక పట్టికే. ఇది వినడానికి చిన్నమాట. కానీ దీనితో ‘ఎంచుకోవడం’ అన్న పనికి అర్థం మారిపోయింది. రికార్డు దగ్గరికి నడిచి వెళ్ళి దాన్ని ముట్టుకోవడం కాదు, ఒక షరతు చెప్పడం. ‘వచ్చే నెల గడువున్న పాలసీలు’ అని నేను అడిగితే నా జవాబు నాది, ‘రెండు నెలలుగా కట్టనివి’ అని ఆవిడ అడిగితే ఆవిడ జవాబు ఆవిడది. అసలు టేబుల్ మీద ఎవరి వేలిముద్రా పడదు.

మరి షరతుకి లొంగని ఎంపికలో? ‘వీళ్ళల్లో ఈయనకి వద్దు, మొన్నే ఫోన్లో మాట్లాడాను’ అని గుమస్తా తలలో ఉన్న కారణానికి ఏ కాలమ్ ఉంటుంది? టిక్కులు అవసరమయ్యేది అందుకే. ఆ టిక్కు ఎక్కడ రాసుకోవాలన్నదానికి నేను చదివినవాటిలో సూటిగా తగిలిన జవాబు పీటర్ చెన్ 1976లో రాసిన వ్యాసంలో ఉంది. ఎంటిటీ-రిలేషన్‌షిప్ మోడల్ అని ఈనాటికీ కాలేజీల్లో డబ్బాలు, డైమండ్లు గీయించేది దాన్నుంచే. మన ఇంజనీరింగ్ కాలేజీల్లో ఆ డైమండు ఎందుకో చెప్పకుండానే గీయించారు, నా మటుకు నాకు. చెన్ ఉదాహరణ ఇదీ: ఉద్యోగి ఒక ఎంటిటీ, ప్రాజెక్టు ఒక ఎంటిటీ. ఉద్యోగి ఆ ప్రాజెక్టు మీద తన సమయంలో ఎంత శాతం పెడుతున్నాడు? ఆ శాతం ఉద్యోగిదా? కాదు, అతను మూడు ప్రాజెక్టుల్లో ఉండొచ్చు. ప్రాజెక్టుదా? కాదు, అందులో పదిమంది ఉండొచ్చు. అది వాళ్ళిద్దరి మధ్య సంబంధానిది. కాబట్టి సంబంధానికే ఒక పట్టిక ఇవ్వండి.

నా టిక్కు కూడా అంతే. పాలసీది కాదు, గుమస్తాది కాదు. ఈ గుమస్తాకీ ఈ పాలసీకీ మధ్య, ఈ మధ్యాహ్నం ఉన్న సంబంధం.

పెద్దావిడ చెప్పినట్టు మళ్ళీ రాశాను. పాలసీల టేబుల్‌లోంచి ఆ కాలమ్ పీకేశాను. కొత్త టేబుల్ ఒకటి పెట్టాను. అందులో రెండే ముఖ్యమైన కాలమ్‌లు: ఎవరు, ఏ పాలసీ. ఆ రెండూ కలిపితేనే కీ, అంటే ఒకే మనిషి ఒకే పాలసీని రెండుసార్లు ఎంచుకున్నట్టు రాయడం కుదరదు. టిక్కు పెడితే అందులో ఒక వరస చేరుతుంది, తీసేస్తే ఆ వరస పోతుంది. తెరమీద చూపించేటప్పుడు, కూర్చున్న మనిషి పేరుతో ఉన్న వరసల్నే కలిపి చూపించాలి. ‘కాదు’ అని ఎక్కడా రాయక్కర్లేదు, వరస లేకపోవడమే కాదు.

వేరే పద్ధతి కూడా ఉంది. ప్రతివాళ్ళ కంప్యూటర్లోనూ ఒక చిన్న సొంత టేబుల్ పెట్టి, టిక్కులు అందులోనే ఉంచి, అసలు డేటా మాత్రం సర్వర్ మీద ఉంచడం. యాక్సెస్ వాడినవాళ్ళలో చాలామంది ఇలా చేసేవాళ్ళు. వేగంగా ఉంటుంది, శుభ్రం చేసుకునే బాధ లేదు. కానీ ఆవిడ వేరే బల్ల దగ్గర కూర్చుంటే టిక్కులు కనబడవు. పైగా ఎవరు ఏం ఎంచుకున్నారో తరవాత చూద్దామంటే ఆనవాలుండదు. ఆ పెద్దాయన వచ్చి నిలబడ్డాక, నాకు ఆనవాలు కావాలనిపించింది.

నెల తిరక్కుండానే రెండో దెబ్బ. ఈసారి ఉత్తరాలు బయటికి వెళ్ళలేదు లెండి, లెక్క చూసుకునే పద్ధతి పెట్టాం కాబట్టి దొరికిపోయింది. ఒకావిడ ఒకే ప్రోగ్రాంని రెండు కిటికీల్లో తెరిచింది. ఒకదాంట్లో గుర్తుచేసే ఉత్తరాలు, ఇంకోదాంట్లో రద్దు ఉత్తరాలు. మనిషి ఒక్కతే కాబట్టి రెండు కిటికీల టిక్కులూ ఒకే పేరు కింద కలిసిపోయాయి! మళ్ళీ పెద్దావిడ దగ్గరికి పరిగెత్తాను. ఆవిడ నవ్వి, "నేను మనిషిది అని చెప్పానా? రన్ యూనిట్‌ది అని కదా చెప్పాను" అంది. నిజమే. కోడాసిల్‌ వాళ్ళు గుర్తుని మనిషికి కట్టలేదు, పరుగుకి కట్టారు. మనిషి ఒకడే అయినా చేసే పనులు రెండు ఉండొచ్చని వాళ్ళు ముందే ఆలోచించారు.

దాంతో మూడో టేబుల్ వచ్చింది. జాబితాల టేబుల్. ప్రతి జాబితాకీ ఒక నంబరు, ఎవరు మొదలుపెట్టారు, ఏ ఉత్తరం కోసం, ఎప్పుడు. టిక్కుల టేబుల్‌లో మనిషి బదులు జాబితా నంబరు. రద్దు ఉత్తరం అన్న సంగతి జాబితాకే అతుక్కుని ఉంటుంది కాబట్టి, గుర్తుచేసే జాబితాని పొరపాటున రద్దు ఉత్తరంతో ప్రింట్ చెయ్యడం కుదరనే కుదరదు. నన్నడిగితే ఈ రెండో మార్పే ఎక్కువ విలువైనది. మొదటిది ఇద్దరు మనుషుల్ని విడదీసింది, రెండోది రెండు ఉద్దేశాల్ని విడదీసింది.

ఇంత చేశాక కూడా ఒకటి మిగిలింది. ఇద్దరు గుమస్తాలు ఎవరికి వాళ్ళు స్వతంత్రంగా ఒకే పాలసీని ఎంచుకుంటే? ఎంచుకోవచ్చు, తప్పులేదు. కానీ ఇద్దరూ పంపితే ఆ ఇంటికి రెండు ఉత్తరాలు వెళ్తాయి. అంటే ఎంపిక ఎవరికి వాళ్ళది, పంపడం మాత్రం అందరికీ కలిపి ఒకటే. ‘నేను ఈ బెర్త్ చూస్తున్నాను’ అని పదిమంది అనుకోవచ్చు, ‘ఈ బెర్త్ అమ్ముడైంది’ అన్నది మాత్రం ఒక్కసారే జరగాలి. తెరమీద రెండూ ఒకేలాంటి టిక్కులే. చాలా ప్రోగ్రాములు చెడేది ఇక్కడే. సొంత టిక్కుని అందరి టిక్కులా రాస్తే నాలా అవుతుంది. అందరి టిక్కుని సొంత టిక్కులా రాస్తే ఒక బెర్త్ ఇద్దరికి అమ్ముతారు. పంపిన ఉత్తరాలకి వేరే టేబుల్ పెట్టి, ఒక పాలసీకి ఒక నెలలో ఒక రకం ఉత్తరం ఒక్కటే అని కట్టడి చేశాను. రెండోసారి రాయబోతే డేటాబేసే ఒప్పుకోదు.

ఈ అందరి టిక్కు సంగతిని శాస్త్రంగా తేల్చినవాళ్ళు ఐబీఎం శాన్ హొసేలోనే, కాడ్ ఆలోచనని నిజంగా కట్టి చూపించిన సిస్టమ్ ఆర్ బృందంలో ఉన్నారు. ఎస్‌క్యూఎల్ పుట్టింది ఆ ప్రాజెక్టులోనే. 1976 నవంబరులో ఈశ్వరన్, జిమ్ గ్రే, లోరీ, ట్రైగర్ నలుగురూ కలిసి రాసిన వ్యాసం ఒకటుంది. ఒక పని సగంలో ఉండగా ఇంకో పని దానిమీద చెయ్యి వేసినా, చివరికి ఫలితం మాత్రం ఒకదాని తరవాత ఒకటి చేసినట్టే ఉండాలంటే తాళాలు ఏ క్రమంలో వెయ్యాలి, ఎప్పుడు తియ్యాలి అన్నది అందులో తేల్చారు. తాళం ఎంత పెద్దదిగా ఉండాలన్నదానిమీద గ్రే, మరికొందరు కలిసి ఇంకో వ్యాసం రాశారు. రిజిస్టర్ మొత్తానికా, పేజీకా, ఒక్క బెర్త్‌కా? బెజవాడ కౌంటర్లో మా నాన్నగారు గంటసేపు నిలబడ్డ ప్రశ్నే అది.

ఆ కౌంటర్లకి కంప్యూటర్లు రావడానికి ఇంకొంత కాలం పట్టింది. 1985లో ఢిల్లీలో ప్రయోగంగా మొదలైంది. తరవాత బొంబాయి, కలకత్తా, మద్రాసు, సికింద్రాబాద్‌లకి వచ్చింది. ఏ రైలుకి ఏ కౌంటర్ అన్న బాధ పోయింది, ఎక్కడ నిలబడినా టికెట్ ఇస్తారు. అయితే ఈ ఐదూ ఐదు దీవులు. సికింద్రాబాద్ కంప్యూటర్లో ఉన్న రైళ్ళు వేరు, ఢిల్లీవి వేరు. వీటిని కలపడానికి రైల్వేవారి సాఫ్ట్‌వేర్ సంస్థ క్రిస్ తయారుచేసిన కొత్త ప్రోగ్రాం కాన్సర్ట్. దాన్ని మొట్టమొదట నడిపింది మన సికింద్రాబాద్‌లోనే, 1994 సెప్టెంబరులో. ఐదు ఊళ్ళూ కలిసి ఏ కౌంటర్లోనైనా ఎక్కడి రైలుకైనా టికెట్ ఇవ్వగలిగింది 1999 ఏప్రిల్‌కి. అంటే ఒహాయోలో నేను నలుగురు గుమస్తాల్ని విడదీయలేక తలపట్టుకున్న సంవత్సరమే! ఆ వార్త అప్పట్లో నాకు తెలియదు. తెలిసుంటే సికింద్రాబాద్‌లో ఉన్న స్నేహితులకి ఫోన్ చేసి అడిగేవాణ్ణేమో, నిమిషానికి యాభై సెంట్లయినా సరే.

జిమ్ గ్రేకి 1998లో ట్యూరింగ్ అవార్డు వచ్చింది. 2007 జనవరి 28న ఆయన శాన్ ఫ్రాన్సిస్కో నుంచి ఒంటరిగా పడవ వేసుకుని, తల్లి అస్థికలు కలపడానికి ఫారలాన్ దీవుల వైపు వెళ్ళాడు. తిరిగి రాలేదు. కోస్ట్ గార్డ్ రోజుల తరబడి వెతికింది. స్నేహితులు ఊరుకోలేదు. ఉపగ్రహం తీసిన సముద్రం ఫోటోల్ని చిన్నచిన్న ముక్కలు చేసి, అమెజాన్ మెకానికల్ టర్క్‌లో పెట్టారు. వేలమంది వాలంటీర్లు ఎవరి ఇంట్లో వాళ్ళు కూర్చుని, ముక్క తరవాత ముక్క చూస్తూ, పడవలా అనిపించినచోట గుర్తు పెట్టారు. ఆ గుర్తుల్ని మళ్ళీ నిపుణులు వడపోశారు. ఇలాంటి పనిలో ఒకరి ‘లేదు’ ఇంకొకరి ‘ఉందేమో’ని చెరిపెయ్యకూడదు. సముద్రం అందరికీ ఒకటే, గుర్తు ఎవరిది వాళ్ళదిగా ఉండాలి.

నేనూ ఒక రాత్రి కూర్చున్నాను. పిల్ల పడుకున్నాక, రెండు దాటేదాకా. తెరంతా బూడిదరంగు నీళ్ళు, మధ్యలో ఎక్కడో ఒక తెల్లచుక్క. పెద్దావిడ అప్పటికి రిటైరై ఏడేళ్ళు. రెండు ముక్కల మీద గుర్తు పెట్టాను. రెండూ అలల నురగే అయ్యుంటాయి.